నిరసనకు రూపం, రూపానికి ఖరీదు

సాహిత్యంలో వస్తువు ముఖ్యమా, రూపం ముఖ్యమా అనే వాదం మనకు కొత్తది కాదు. అభ్యుదయ సాహిత్యోద్యమం పుట్టిన నాటినుంచీ అది నడుస్తూనే వుంది. రూపాన్ని వస్తువునుంచి విడదీసి చూడరాదనీ, వస్తువే తనకు తగిన రూపాన్ని వెతుక్కుంటుందనీ మనలో చాలామంది అంగీకరించారు కూడా. అయితే ఈ చర్చను మనం పుస్తకాల దగ్గరే ఆపివేశాం. ప్రజలు వీధిలోకి వచ్చి తమ అసమ్మతిని తెలియజేసినప్పుడు దానికీ ఒక రూపం వుంటుంది. ఊరేగింపు ఒక రూపం. ఉపవాసం ఒక రూపం. పన్ను కట్టకపోవడం ఒక రూపం. పాట ఒక రూపం. వీటిలో ఒకటి జనాన్ని ఎందుకు కదిలిస్తుంది, మరొకటి ఎందుకు నవ్వులపాలవుతుంది అన్న సంగతిని ఒక పద్యాన్ని విమర్శించినంత శ్రద్ధగానైనా మనం విచారించలేదు.

ఈ విషయంలో ఇప్పుడు రెండు అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. రోడ్డుమీద పొయ్యి పెట్టి వంట చెయ్యడం, చెవిలో పువ్వులు పెట్టుకొని కూర్చోవడం, విగ్రహానికి వినతిపత్రం సమర్పించడం - ఇవన్నీ పత్రికలో బొమ్మ పడడానికి వేసే వేషాలనీ, అసలు పోరాటం వేరే వుందనీ కొందరంటారు. శాంతియుతంగా, చమత్కారంగా చెబితే చాలు, పాలకుల మనసు కరుగుతుందని మరికొందరంటారు. పైకి విరుద్ధంగా కనిపించినా ఈ రెండు వాదాలకూ పునాది ఒకటే. ఇద్దరూ రూపాన్ని అలంకారంగానే చూస్తున్నారు. మొదటివారికి ఆ అలంకారం గిట్టదు, రెండవవారికి ముచ్చట. శాంతియుత నిరసనలో రూపం చేసే పనేమిటో, దానికి నైతికమైన విలువ ఎక్కడినుంచి వస్తుందో తేల్చుకొంటే తప్ప ఈ చిక్కు విడిపోదు.

నేను కామవరపుకోటలో బడిపంతులుగా పనిచేస్తున్నవాణ్ణి. మా మండలంలోనే, జీలకర్రగూడెం దగ్గర, గుంటుపల్లి గుహలున్నాయి. క్రీస్తుకు పూర్వమే బౌద్ధభిక్షువులు ఆ కొండను తొలిపించుకొని నివాసమున్నారు. కర్రవాసాల పైకప్పును అచ్చంగా రాతిలో దింపిన గుండ్రటి చైత్యాన్ని విహారయాత్రకు వచ్చిన పిల్లలకు చూపిస్తాం. అది ఎంత ప్రాచీనమో చెబుతాం. ఆ గదుల్లో వున్నవాళ్ళు ఏమి తిని బ్రతికారో మాత్రం చెప్పం. భిక్షువు దున్నడు, వండుకోడు. పాత్ర పట్టుకొని చుట్టుపక్కల ఊళ్ళలో గడప గడపకూ తిరిగితేనే అతనికి పూట గడుస్తుంది. ఇంతగా ఇతరులమీద ఆధారపడినవాడు అన్యాయం జరిగితే ఏం చెయ్యగలడు?

ఈ ప్రశ్నకు భిక్షుసంఘపు నియమాలలోనే సమాధానం వుంది. వినయపిటకంలోని చుల్లవగ్గంలో వడ్ఢుడనే లిచ్ఛవి ప్రముఖుని వృత్తాంతమొకటి వుంది. అతను ఎవరో చెప్పిన మాట విని, దబ్బుడనే నిరపరాధియైన భిక్షువుమీద ఘోరమైన నింద మోపాడు. సంఘం అతన్ని తిట్టలేదు, కొట్టలేదు. అతని విషయంలో పాత్రను బోర్లించింది. అంటే అతని చేతినుంచి ఇక భిక్ష స్వీకరించబోమని తీర్మానించింది. ఆ కబురు విన్న వడ్ఢుడు మూర్ఛపోయాడని, తర్వాత వచ్చి తప్పు ఒప్పుకొన్నాడని, అప్పుడు పాత్రను మళ్ళీ నిలబెట్టారని ఆ గ్రంథం చెబుతుంది. ఇది పాతకాలపు కథగా మిగిలిపోలేదు. బర్మాలో సైనికప్రభుత్వపు దౌర్జన్యాల తర్వాత 1990లో మాండలేలోను, మళ్ళీ 2007లోను అక్కడి భిక్షువులు సైనికులనుంచీ వారి కుటుంబాలనుంచీ భిక్ష తీసుకోబోమని పాత్రలు బోర్లించారు.

దాతకు పుణ్యం కావాలి. పుణ్యం రావాలంటే పుచ్చుకొనేవాడుండాలి. బిచ్చమెత్తుకొనేవాడిమీద కూడా పెట్టేవాడు ఒకందుకు ఆధారపడి వున్నాడన్న రహస్యాన్ని ఆ నియమం కనిపెట్టింది. శాంతియుత నిరసనలో సృజన అంటే నా దృష్టిలో ఇదే. అధికారం ఏ చోట మనమీద ఆనుకొని నిలబడివుందో ఆ చోటును కనిపెట్టడం, కనిపెట్టి అక్కడినుంచి భుజం తీసివెయ్యడం. ఇంకొకటి కూడా గమనించాలి. పాత్ర బోర్లించిన పూట పస్తుండవలసినవాడు భిక్షువే. రూపానికి ఖరీదు వుంది. ఆ ఖరీదును ఎవరు చెల్లిస్తున్నారన్నదాన్నిబట్టే దాని నైతికత నిర్ణయమవుతుంది. మన చరిత్రను ఈ రెండు ప్రశ్నలతో తరచి చూద్దాం.

చీరాల పేరాల ఉద్యమం మన పాఠ్యపుస్తకాలలో ఒక పేరాకు కుదించుకుపోయింది. ఆ రెండు గ్రామాలను కలిపి 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. జనంలో ఎక్కువమంది నేతపనివారు, చిన్న రైతులు. పన్నులు అనేక రెట్లు పెరిగాయి. పెరిగిన పన్నుకు తగిన సౌకర్యం మాత్రం కనబడలేదు. కట్టం అన్నవారిని జైలుకు పంపారు. ఆ పంపినవారిలో రావూరి అలమేలమ్మ అనే స్త్రీ కూడా వుంది. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు, మునిసిపాలిటీ హద్దులు దాటి వెళ్ళిపోవడం ఒక మార్గమని సూచించాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య దాన్ని అందుకొన్నాడు. అత్యధిక సంఖ్యాకులు ఇళ్ళు విడిచి, పొలిమేర అవతల పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టుకొని పదకొండు నెలలు కాపురమున్నారు.

దీనిలోని తర్కాన్ని గమనించండి. మునిసిపాలిటీ అంటే కాగితంమీద ఒక హద్దు. ఆ హద్దులోపల మనుషులున్నంతకాలమే అది మునిసిపాలిటీ. జనం లేచిపోతే మిగిలేది వీధిదీపాలూ గుమాస్తాలూ. ఒక్క రాయి విసరకుండా ఒక శాసనాన్ని అర్థంలేనిదిగా చేసిన ఘట్టం ఇది. కాని ఇంతటితో ఆపి చప్పట్లు కొడితే మనం విమర్శకులం కాము. నేతగాడి మగ్గం నేలలో తవ్విన గుంటలో వుంటుంది. పలకలూ పగ్గాలూ మోసుకుపోవచ్చు గాని గుంటను మోసుకుపోలేడు. పాకలో ఎండాకాలం గడవాలి, వర్షాకాలం గడవాలి. మూటలో నాలుగు రూకలున్నవాడికీ, రేపటి కూలికి ఇవాళే అప్పు చేసినవాడికీ ఆ పదకొండు నెలలు ఒకే పొడవుగా వుండవు. గోపాలకృష్ణయ్యను అరెస్టుచేసి ఏడాది శిక్ష వేశారు; బయటినుంచి రావలసిన ధనసహాయం చాలలేదు; చివరకు జనం తిరిగి ఇళ్ళకు వచ్చారు. వారి పట్టుదల తక్కువైందని చెప్పేవారు ఆ లెక్క ఒకసారి వేసి చూడాలి. ఉద్యమం కనిపెట్టిన రూపం గొప్పది. దాని ఖరీదును దేశమంతా పంచుకోలేదు, రెండు ఊళ్ళు మోశాయి.

గోపాలకృష్ణయ్య ఎడింబరోలో చదివి వచ్చినవాడైనా జానపద కళలమీద గురి కలవాడు. తన స్వచ్ఛంద సేవకులకు రామదండు అని పేరుపెట్టి, కాషాయబట్టలు, బొట్టు, రుద్రాక్షలతో నడిపించాడు. చదువురాని జనానికి ఆ వేషం వెంటనే అర్థమైంది. అందులో సందేహం లేదు. అయితే రామదండు అన్న పిలుపు కొందరికి తమ ఇంటి పిలుపుగా వినిపిస్తే, మరికొందరికి పక్కింటి పిలుపుగా వినిపించి వుండాలి. సాయిబులకు, గుడి గడప తొక్కనివ్వని మాలమాదిగలకు ఆ దండులో చోటు ఎక్కడ? సంప్రదాయంనుంచి రూపాన్ని తీసుకొన్నప్పుడు దానితోపాటు ఆ సంప్రదాయపు గోడలు కూడా వస్తాయి. ఇరవైయేళ్ళ తర్వాత ప్రజానాట్యమండలివారు బుర్రకథను చేపట్టినప్పుడు తంబురా, గుమ్మెటలు వుంచి కథను మార్చారు. రైతునూ కూలినీ కథానాయకులను చేశారు. రూపాలన్నీ వట్టి తమాషా అనేవారు ఇక్కడొక సంగతి ఆలోచించాలి. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన మా భూమి నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం ఎందుకు నిషేధించింది? తమాషాను ఏ ప్రభుత్వమూ నిషేధించదు.

ఒకే రూపం ఒకచోట చెవికెక్కి, మరొకచోట ఎక్కకపోవడం కూడా వుంది. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహారదీక్ష పూని, 58 రోజుల తర్వాత డిసెంబర్ 15న ప్రాణం విడిచాడు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్రరాష్ట్ర ప్రకటన చేశాడు. ఇది ప్రతి తెలుగు విద్యార్థికీ తెలుసు. అంతకుముందు కొన్నేళ్ళ కిందట ఇదే మనిషి నెల్లూరులో హరిజనుల ఆలయప్రవేశం కోసం నిరశన పూనాడు. అంటరానితనం పోవాలని రాసిన అట్టలు ఒంటికి తగిలించుకొని, కాళ్ళకు చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా ఎండలో వీధులు తిరిగాడు. చూసినవాళ్ళు పిచ్చివాడన్నారు. దేహం ఒకటే, దీక్ష ఒకటే, పట్టుదల ఒకటే. రాష్ట్రం అడిగినప్పుడు అమరజీవి అయ్యాడు, అంటరానితనం మానమన్నప్పుడు పిచ్చివాడయ్యాడు. ఊరూరా ఆయన విగ్రహాలు నిలబెట్టుకొన్నాం. ఆ అట్టలు మెడలో వున్న విగ్రహాన్ని నేనెక్కడా చూడలేదు. మద్రాసు ప్రభుత్వాన్ని అడిగినది ఇతరులను అడిగినది. ఆ అట్టమీది రాత మనను అడిగినది. శాంతియుత నిరసన ఫలించాలంటే నిరసనకారుని త్యాగమొక్కటే చాలదని, చూసే సమాజానికి ఆ త్యాగంలో ఎంత వాటా వుందో అదికూడా లెక్కకు వస్తుందని ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం నాకు తెలియదు.

ఆ తర్వాత నలభై ఏళ్ళకు అదే నెల్లూరు జిల్లాలో దూబగుంట స్త్రీలు సారాను ఊరినుంచి తరిమారు. అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రిపూట పలక పట్టుకొని కలుసుకొన్న ఆడవాళ్ళు, తమ మగవాళ్ళ కూలి డబ్బు ఎక్కడికి పోతున్నదో కలిసి లెక్క చూసుకొన్నారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. మొదట దుకాణం దగ్గర అడ్డుపడ్డారు. అయితే ఆ ఉద్యమం తాగుబోతు మొగుణ్ణి తిట్టడం దగ్గర ఆగకుండా 1992లో సారా వేలంపాటల దాకా వెళ్ళింది. వేలం సాగకపోతే కాంట్రాక్టరు లేడు. కాంట్రాక్టరు లేకపోతే ఖజానాకు ఆ పద్దు లేదు. ప్రభుత్వపు బరువు తమ పొయ్యిమీద ఎక్కడ ఆనుకొని వున్నదో వాళ్ళు కనిపెట్టారు. ఏ రాజకీయపాఠశాలా వారికి దాన్ని నేర్పలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేశారు. గెలుపు నిలవలేదే అని నిరుత్సాహపడేవారికి నేను చెప్పేదేమంటే, వారు వేలంపాటను ఆపగలిగారు గాని బడ్జెటు వేసే చేతిని మార్చలేదు. ఒక రూపం ఎంతవరకు వెళ్ళగలదో అంతవరకు వెళ్ళింది. మిగిలిన దూరానికి సంఘాలు కావాలి, పార్టీలు కావాలి, ఏళ్ళ తరబడి చేసే పని కావాలి. నిరసన ఆ పనికి బదులు కాజాలదు.

ఇక్కడ మన మిత్రులు కొందరు గట్టి ఆక్షేపణ చేస్తారు. శాంతి అనేది బలవంతుడు బలహీనుడికి చెప్పే నీతి కదా అంటారు. ఈ వాదంలో సత్యం లేకపోలేదు. తెలంగాణాలో వెట్టి చాకిరీ చెయ్యమని సంఘం కట్టి ఊరేగింపు తీసిన కడివెండి ప్రజలమీద 1946 జూలై 4న విసునూరు దేశముఖు గూండాలు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పుల్లరి కట్టబోమన్న పల్నాటి ఉద్యమంలో కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు బలి అయ్యాడు. కనుక నిరసన శాంతియుతంగా వుంటుందా లేదా అన్నది నిరసనకారుడొక్కడి చేతిలో లేదు. తుపాకి ఎవరి దగ్గర వుందో వారిని వదిలిపెట్టి, జెండా పట్టుకొన్నవాడికి అహింసను బోధించడం నీతి కాదు. నేను దాన్ని సమర్థించను. కాని కడివెండి నేర్పే పాఠంలో మరొక భాగం కూడా వుంది. ఆ తూటా దెబ్బతో తెలంగాణా అంతటా జనం లేవడానికి కారణం అప్పటికే ఊరూరా అణా సభ్యత్వంతో కట్టుకొన్న సంఘం. అంతవరకు దొర గడీలోపల జరిగిన హింస ఆ రోజున వీధిలో, అందరి కళ్ళ ఎదుట జరగవలసివచ్చింది. రోజూ జరిగే హింసను బయటికి రప్పించి, అది ఎవరిదో నిర్వివాదంగా చూపించడం శాంతియుత నిరసన చేసే పెద్ద పని. పిరికివాడు చెయ్యగల పని కాదది.

మరి ఇప్పటి మాట? నిరసనకు స్థలాన్ని, వేళను, మైకు చప్పుడును కూడా ప్రభుత్వమే నిర్ణయించే రోజులివి. 1861లో తెల్లదొరలు చేసిన పోలీసు చట్టంలోని 30వ సెక్షను మన పట్టణాలలో తరచు అమలులో వుంటుంది. ఆ చట్టాన్నే ఆధారం చేసుకొని రోడ్లమీద సభలను కట్టడిచేస్తూ 2023 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీచేసిన మొదటి నంబరు జీవోను అదే సంవత్సరం మే 12న హైకోర్టు కొట్టివేసింది. హైదరాబాదులో ఇందిరాపార్కు దగ్గరి ధర్నాచౌకును 2017లో మూయిస్తే, మరుసటి సంవత్సరం హైకోర్టు జోక్యంతో మళ్ళీ తెరిచారు. ఈ తీర్పులు మంచివే. కాని మనవైపు లోపం కూడా చెప్పుకోవాలి. కలెక్టరాఫీసు ఎదుట శామియానా, అందులో రిలే నిరాహారదీక్ష, సాయంత్రం నిమ్మరసం - ఈ వరస చూసిన పోలీసు కానిస్టేబులు కుర్చీలోంచి లేవనైనా లేవడు. ఉదయం ఫలహారం చేసి వచ్చి, సాయంత్రం వేళకు ఇంటికిపోయే దీక్షలో ఎవరికి ఏమి ఖర్చయింది? మా ఉపాధ్యాయులం నల్లబ్యాడ్జీ పెట్టుకొని యథాప్రకారం పాఠం చెబుతాం. బ్యాడ్జీ ఏమిటని అడిగిన పిల్లవాడికి జవాబు చెబితే కొంత ప్రయోజనముంటుంది. చాలాచోట్ల అదికూడా జరగదు. రూపం అరిగిపోవడమంటే ఇదే. పాలకుడికి ఇబ్బంది లేదు, పాల్గొన్నవాడికి నష్టం లేదు, చూసినవాడికి ప్రశ్న లేదు.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన కళ్ళముందే వుంది. 2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మె మొదలుపెట్టి 42 రోజులు నడిపారు. కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000 రూపాయలు ఇచ్చేవారు. దానికి పేరు జీతం కాదు, గౌరవవేతనం. జీతమంటే ఉద్యోగి అవుతుంది, ఉద్యోగి అయితే హక్కులుంటాయి. ఈ మాటల గారడీని 2022 ఏప్రిల్‌లోనే సుప్రీంకోర్టు గుజరాత్ కేసులో ఒప్పుకోక, వారికి గ్రాట్యుటీ చెల్లించాలని చెప్పింది. సమ్మెలో వారు రోడ్లమీద వంటావార్పు చేశారు, భిక్షాటన చేశారు. చూసి నవ్వినవారున్నారు. కాని ఆలోచించండి: ఊళ్ళో పసిబిడ్డలకూ గర్భిణులకూ అన్నం పెట్టే మనిషి రోడ్డుమీద పొయ్యి పెడితే, అంతవరకు నాలుగు గోడలమధ్య ఎవరికీ కనబడని ఆ శ్రమ మొదటిసారి పదిమంది ఎదుట నిలబడుతుంది. అది వేషం ఎట్లా అవుతుంది? ఆమె రోజూ చేసే పనే అది. సమ్మె మొదలైన ఇరవై ఆరో రోజున, 2024 జనవరి 6న, ప్రభుత్వం వారిమీద ఎస్మా ప్రయోగించింది. అంటే వారిది సమాజం ఆగిపోకుండా నడవడానికి అత్యవసరమైన సేవ అని చట్టపూర్వకంగా అంగీకరించింది! జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సేవ. ప్రభుత్వంచేత ఈ రెండో వాక్యాన్ని పలికించడమే ఆ సమ్మె సాధించిన మొదటి విజయం. డబ్బు సంగతి హామీల దగ్గరే ఆగింది.

అయితే ఇక్కడే నన్ను బాధించే చిక్కు వుంది. దాన్ని దాటవేస్తే ఈ వ్యాసానికి అర్థం లేదు. అంగన్‌వాడీ కేంద్రం మూతపడితే ఆ పూట గుడ్డూ పాలూ లేనిది మంత్రిగారి మనవడికి కాదు, కూలివాళ్ళ బిడ్డకు. ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారని ఇందాక అడిగిన ప్రశ్నను ఇక్కడా అడగాలి. ఈ సమ్మె అనైతికమని దీన్నిబట్టి తీర్మానించేవారున్నారు. వారి తర్కాన్ని అంగీకరిస్తే పేదలకు సేవచేసే పేదలెవరూ ఎన్నటికీ సమ్మె చెయ్యరాదు. నర్సు చెయ్యరాదు, పారిశుధ్య కార్మికుడు చెయ్యరాదు, పంతులు చెయ్యరాదు. వారి కరుణను పణంగా పెట్టుకొని వారి కూలిని తగ్గించే హక్కు ప్రభుత్వానికి శాశ్వతంగా దక్కుతుంది. బిడ్డ ఆకలికి బాధ్యత, పని ఆపినవారికంటె ఆ పని విలువ కట్టనివారిదే ఎక్కువ. కాని అంతమాత్రాన బిడ్డ ఆకలి తీరదు. సమ్మెచేసేవారికి ఇది తెలుసు. 42 రోజులూ ఆ బాధ వారి వెంట వుండే వుంటుంది. తెలియనిది చుట్టూ వున్న మనకు. ఆ రోజుల్లో పిల్లల తిండి బాధ్యతను ఊళ్ళో సంఘాలు, విద్యార్థులు, ఉపాధ్యాయులు తమమీద వేసుకొని, సమ్మె బరువును పంచుకొనివుంటే, ఖరీదు బిడ్డమీద పడకుండా ప్రభుత్వంమీదే పడేది. ఈ పంపకమే చీరాలకు కొరవడింది.

కాబట్టి విద్యార్థిమిత్రులకు, నాతోటి పంతుళ్ళకు నా విన్నపం ఇది. కొత్త నిరసనరూపం గురించి ఆలోచించేటప్పుడు అది పత్రికలకెక్కుతుందా అని అడగవద్దు, శాంతియుతమా కాదా అని అడిగి ఊరుకోవద్దు. ఈ అన్యాయం మన ఏ పనిమీద, ఏ మౌనంమీద ఆధారపడి నిలబడివుందో వెతకండి. అక్కడినుంచి తప్పుకొంటే బరువు ఎవరిమీద పడుతుందో ముందుగా లెక్కవెయ్యండి. అది మనకంటె బీదవాడిమీద పడేటట్టయితే ఉద్యమాన్ని ఆపనక్కరలేదు. ఆ బరువుకింద మన భుజం ఎట్లా పెట్టాలో ఉద్యమం మొదలుకాకముందే నిర్ణయించుకోవాలి. పాటలు, నాటకాలు, ఊరేగింపులు ఆ తర్వాత వాటంతటవే వస్తాయి. సంఘాలలో మనం పెట్టుకొనే తీర్మానాల జాబితాలో ఈ లెక్కకు ఇంకా చోటు దొరకలేదు. వచ్చే సమావేశంలో దాన్ని మొదటి అంశంగా చేర్చాలని నేను కోరుతున్నాను.